మామిడి ఫ్యాక్టరీ ఫోర్క్‌లిఫ్టు, స్టీరింగు మోటారు: పని డైరీ

సోమవారం, రాత్రి

పొద్దున ఆరింటికే ఫోను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. మూడు టన్నుల బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టు స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోతోందట, తాళం తిప్పి ఆపి మళ్లీ వేస్తే మామూలైపోతోందట. ఇలా వచ్చిపోయే జబ్బంటే నాకు భయం. పూర్తిగా చచ్చిన బండిని పట్టుకోవడం తేలిక. డాక్టరు ముందు బాగుండి ఇంటికెళ్లాక జ్వరం తెచ్చుకునే పిల్లోడి లాంటివి ఇవి.

తిరుపతి నుంచి చేరేసరికి తొమ్మిదిన్నర. గేటు బయట తోతాపురి లోడుతో ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. సీజను మంచి ఊపులో ఉంది. ఇలాంటప్పుడు బండి ఒక పూట ఆగితే నింపిన డ్రమ్ములన్నీ లైను చివరే పేరుకుపోతాయి. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు, ఒక్కో ప్యాలెట్టు మీద నాలుగు డ్రమ్ములు. చేతుల్తో తోసే పని కాదు. మేనేజరు సార్ నన్ను చూడగానే గడియారం చూసుకున్నారు.

బండి సంగతి రవంత రాసుకోవాలి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, 24 సెల్లులు. ఫోర్క్‌లిఫ్టుల్లో తిరిగేది వెనక చక్రాలు. స్టీరింగు కింద హైడ్రాలిక్ వాల్వు, వెనక యాక్సిల్ మీద సిలిండరు. ఆయిలుకు ఒత్తిడి ఇవ్వడానికి విడిగా ఒక చిన్న పంపు, ఆ పంపును తిప్పేది త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు. మోటారుకు సొంత కంట్రోలరు ఉంది. బ్యాటరీ డీసీని మూడు ఫేజుల ఏసీగా మార్చి మోటారుకు ఇచ్చేది అదే. మోటారు బేరింగులోనే వేగం చూసే సెన్సరు ఉంటుంది. ఈ మోటారు ఆగితే స్టీరింగు అసలే తిరగదని కాదు, తిరుగుతుంది, కానీ రెండు చేతులూ, భుజాలూ పెట్టి లాగాలి. నాలుగు డ్రమ్ములెత్తుకుని మలుపులో ఉన్నప్పుడు అట్లా అయితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

డ్రైవరన్నను అడిగాను.

"ఎప్పుడు బిగుసుకుంటాదన్నా?"

"పొద్దున బాగుంటాది సామీ. ముప్పావు గంట తోలినాక చెయ్యి బరువెక్కతాది. ఆమీట కుయ్యిమని ఏడ్చి ఆగిపోతాది. ఆపేసి టీ తాగొస్తే మళ్లా పలకతాది."

"ఎన్ని రోజులనుంచి?"

"పది దినాలుంటాది. ముందర రోజుకొకసారి. ఇప్పుడు గంటకొకసారి."

స్క్రీను మీద వచ్చేది ఒకటే కోడు. పుస్తకంలో దానికి ఎదురుగా "స్టీరింగు పంపు మోటారు లోపం, మోటారు, సెన్సరు, వైరింగు చూడండి" అని ఉంది. అంటే అన్నీ చూడమని. ఆ మాత్రం మాకూ తెలుసు.

ముందు ఆయిలుదా, కరెంటుదా తేల్చుకోవాలి. వెనక చక్రాలు జాకీ మీద లేపి తిప్పితే తేలికే. కిందికి దించి తిప్పినా తేలికే. సరే, పని చేయించండి అని పక్కన నిలబడ్డాను. క్లాంప్ మీటరు స్టీరింగు కంట్రోలరుకు వచ్చే బ్యాటరీ కేబులుకు తగిలించి, వైరు కదలకుండా టేపు వేశాను. ఊరికే ఉన్నప్పుడు 20 ఆంపియర్లు, లోడుతో తిప్పినప్పుడు 45. ముప్పై ఎనిమిదో నిమిషంలో మోటారు గొంతు మారింది. అంకె 60, 75, 90కి ఎక్కింది, మోటారు మూలిగింది, ఆగింది. కోడు వచ్చింది.

పంపు ఆయిలు లేక ఎండిపోతే శబ్దం వేరుగా ఉంటుంది, గులకరాళ్లు మిక్సీలో వేసినట్టు. ఇది అది కాదు. ఇది మోటారు బాధ.

ఫ్యాక్టరీకి మోటార్లు చుట్టే ఆయన ఒకాయన అక్కడే వేరే పని మీద ఉన్నారు. విన్నారు. "కరెంటు జాస్తి లాగతా ఉందంటే వైండింగే. ఇప్పించండి, రెండు రోజుల్లో చుట్టి ఇస్తా" అన్నారు. తప్పేం కాదు ఆయన మాట, వంద బోరు మోటార్లలో తొంభై అంతే. కానీ చల్లారితే బాగయ్యే వైండింగు, అంటే మోటారు లోపలి రాగి తీగ చుట్లు, కాలిపోయినదని నాకు అనిపించలేదు.

మంగళవారం

ఈరోజు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం వరకు నేనే గెలిచాననుకున్నాను.

బ్యాటరీ మొదట చూశాను. ఖాళీగా 49.6 వోల్టులు, ఫోర్కులు ఎత్తేటప్పుడు 46. హైడ్రోమీటరుతో సెల్లు సెల్లూ యాసిడ్ సాంద్రత చూస్తే 1.260, 1.270 మధ్య ఉన్నాయి, ఒక్కటి మాత్రం 1.220. అది ముసలిదవుతోంది, రాసిచ్చాను. మన జబ్బుకు అది కారణం కాదు. బ్యాటరీ పడిపోతే ముందు ఎత్తే పంపు ఏడవాలి, బండి నడక తగ్గాలి. అవి బాగానే ఉన్నాయి.

తర్వాత వోల్టేజీ ఎక్కడెక్కడ పోతోందో చూశాను. ఈ పని బండి పనిలో ఉండగానే చేయాలి. ఆపేసి కంటిన్యూటీ పెడితే ప్రతి జాయింటూ బీప్ అంటుంది, ఒక్క పోగు మిగిలినా బీప్ అంటుంది. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక జాయింటుకు అటొక ముల్లు, ఇటొక ముల్లు. జాయింటు మంచిదైతే దాదాపు సున్నా. ఫ్యూజు దిమ్మె దగ్గర లగ్గు (కేబులు చివర బోల్టు కింద పట్టే రేకు) మీద, స్టీరింగు 45 ఆంపియర్లు లాగుతుండగా 0.9 వోల్టు చూపింది.

లెక్క వేశాను. 0.9ని 45తో గుణిస్తే 40 వాట్లు. ఒక బోల్టు కింద 40 వాట్ల బల్బు వెలుగుతున్నట్టే. చెయ్యి పెట్టబోయి తీసేశాను. దొరికిందిరా అని మా హెల్పరు పిల్లోడి వీపు చరిచాను.

బ్యాటరీ ప్లగ్గు పీకి, కంట్రోలరు టెర్మినల్స్ మధ్య మీటరు పెడితే ఇంకా 40 వోల్టుల పైన ఉంది. లోపల కెపాసిటర్లు పట్టుకుని ఉంటాయి. 100 ఓముల వైర్‌వౌండ్ రెసిస్టరు కొన్ని క్షణాలు తగిలించి దింపాక గానీ స్పానరు పెట్టలేదు. పిల్లోడికి ఇది మూడోసారి చూపించడం. ఉంగరం కూడా తీయించాను. లగ్గు తీసి చూస్తే నల్లగా మాడి ఉంది. కొత్త లగ్గు వేసి, దిమ్మె రుద్ది, స్ప్రింగు వాషరుతో బిగించాను. మళ్లీ చూస్తే 0.04 వోల్టు.

రెండు గంటలు తోలించాం. ఆగలేదు. డబ్బులు తీసుకుని, క్యాంటీనులో సంగటి, ఊరిబిండి తిని ఇంటికొచ్చేశాను.

48 వోల్టుల్లో 0.9 పోతే స్టీరింగు ఆగిపోదు అని అప్పుడే తట్టాల్సింది. 46కు పడినా నడిచే మోటారు ఇంకొక్క వోల్టు తగ్గితే మూలగదు. అయినా కంటికి కనిపించే తప్పొకటి చేతికి దొరికితే మనసు అక్కడే ఆగిపోతుంది. పైగా మధ్యాహ్నం మబ్బు పట్టి చల్లబడింది. అందుకే ఆగలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

బుధవారం

పదకొండింటికి ఫోను. మేనేజరు సార్ గొంతులో మర్యాద తగ్గలేదు, అదే ఎక్కువ బాధ. "మళ్లీ మొదలైంది, మీరు వచ్చి చూస్తే బాగుంటుంది."

ఈసారి వరసగా పోవాలని నిర్ణయించుకున్నాను. వైండింగాయన మాట తేల్చకుండా ముందుకు పోకూడదు. అది తప్పని చూపించాలి, లేదా ఒప్పుకోవాలి.

మధ్యలో ఇంకో చిన్న సంగతి. బ్యాటరీ ప్లస్సుకూ బండి బాడీకీ మధ్య 22 వోల్టులు చూపింది. కారులాగా కాదు, ఈ బండ్లలో బాడీ బ్యాటరీకి కలిసి ఉండకూడదు. పైన మూత తీస్తే సెల్లుల మీద యాసిడ్ తడి, దాని మీద మామిడి రసం జిగురు, దాని మీద దుమ్ము. వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాక 3కు దిగింది. ఇలా ఒకచోట లీకుంటే ఏమీ కాదు. రెండోచోట కూడా బాడీకి తగిలితేనే తంటా. పక్కన పెట్టాను.

ఇక వైండింగు. బోరు మోటారుకు పెట్టినట్టు మల్టీమీటరు పెడితే మూడు ఫేజుల మధ్యా 0.2 ఓమ్ చూపిస్తుంది. అది మోటారుది కాదు, మీటరు వైర్లది. తక్కువ వోల్టు మోటారులో లావు తీగ, కొద్ది చుట్లు. రెసిస్టెన్స్ వెయ్యో వంతు ఓముల్లో ఉంటుంది. దాన్ని చూడ్డానికి షాపు నుంచి బెంచి సప్లై తీసుకెళ్లాను. మూడు కేబుళ్లూ కంట్రోలరు నుంచి విప్పి, రెండు ఫేజుల మధ్య సరిగ్గా 10 ఆంపియర్లు పంపి, టెర్మినల్ బోల్టుల మీదే ఎన్ని మిల్లీవోల్టులో చూశాను. 212. తర్వాతి జత 214. మూడోది 213. అంటే 21 మిల్లీఓములు చొప్పున, మూడూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. చుట్ల మధ్య షార్టు ఉంటే ఏదో ఒకటి తగ్గి కనపడేది.

చల్లగా ఉంటే మంచిదే, వేడెక్కాకే కదా గొడవ అంటారు. నిజమే. అందుకని మళ్లీ కలిపి, ఆగిపోయేదాకా తోలించి, ఆగిన వెంటనే కెపాసిటర్లు దింపి, కేబుళ్లు విప్పి మళ్లీ చూశాం. పిల్లోడి చేయి కాలింది కొంచెం. 254, 256, 255. మూడూ ఒకే పాళ్లలో ఐదో వంతు పెరిగాయి.

ఇక్కడ నాకిష్టమైన లెక్క ఒకటుంది. రాగి ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.39 శాతం రెసిస్టెన్స్ పెంచుకుంటుంది. 20 శాతం పెరిగిందంటే యాభై డిగ్రీలు వేడెక్కిందన్నమాట. చల్లగా చూసినప్పుడు షెడ్డులో 30 ఉంది, కాబట్టి వైండింగు 80 దగ్గర ఉంది. మోటారు లోపలి వేడి సెన్సరు చూస్తే 880 ఓములు. ఆ రకం సెన్సరు 25 డిగ్రీల దగ్గర 603, 100 దగ్గర 1000 ఓములు చూపుతుంది, 880 అంటే 80కి సరిపోయింది. రెండు వేర్వేరు దారుల్లో ఒకే ఊరు చేరాం. 80 డిగ్రీలు వైండింగుకు లెక్కలోనిది కాదు. వేడి సెన్సరు కూడా నిజమే చెబుతోంది.

మెగ్గరు (వైండింగు నుంచి బాడీకి కరెంటు లీకవుతోందా చూసే మీటరు) కూడా పెట్టాను, 250 వోల్టుల రేంజిలో, కంట్రోలరూ సెన్సరు ప్లగ్గూ పీకేశాకే. అది మర్చిపోయి కంట్రోలర్లు కాల్చినవాళ్లను చూశాను. వేడి మీద కూడా 20 మెగాఓముల పైనే ఉంది. షాఫ్టును చేత్తో తిప్పి చూశాను, ఎక్కడా పట్టడం లేదు.

వైండింగాయనకు అంకెలు చూపించాను. కాసేపు చూసి, "అయితే చుట్టొద్దులే" అన్నారు. పెద్దమనిషి.

మోటారు మంచిది. పంపు మంచిది. అయినా ఆగేముందు 90 ఆంపియర్లు లాగుతోంది. రాత్రి పడుకున్నాక కూడా ఇదే తిరుగుతోంది.

గురువారం

ఇండక్షన్ మోటారుకు ఒక గుణం ఉంది. లోపల కంట్రోలరు తిప్పే అయస్కాంత క్షేత్రం, తిరిగే భాగమైన రోటరు కంటే ఎప్పుడూ కొంచెం ముందుండాలి. ఆ కొంచెం తేడాలోనే లాగే బలమంతా ఉంటుంది. గుర్రం బండికి ముందు గడ్డి మోపు వేలాడదీసినట్టు, మరీ దగ్గరైతే పరిగెత్తదు, మరీ దూరమైతే ఆశ వదులుకుంటుంది. రోటరు ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తేనే కంట్రోలరు ఆ దూరం కుదుర్చుకోగలదు. సెన్సరు తప్పు చెబితే? కంట్రోలరు గుడ్డిగా తోస్తుంది. కరెంటు ఎక్కుతుంది, బలం పడిపోతుంది, మోటారు మూలుగుతుంది. మంచి మోటారే చెడ్డ మోటారులా కనపడుతుంది.

కాబట్టి సెన్సరు. ఆరు పిన్నుల ప్లగ్గు: 12 వోల్టుల ప్లస్సు, మైనస్సు, ఏ చానెల్, బి చానెల్, వేడి సెన్సరుకు విడిగా రెండు. షాఫ్టు ఒక్క చుట్టుకు 64 పల్సులు, ఏ బి రెండూ పావు పల్సు ముందువెనకలుగా వస్తాయి. 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 1600 పల్సులు. మల్టీమీటరు పెడితే సగటు అంకె మాత్రం చూపిస్తుంది, ఆరు వోల్టుల దగ్గర. అది చూసి సెన్సరు బాగుందనేవాళ్లు చాలామంది. వోల్టు క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే స్కోపు కావాలి. నా దగ్గరున్నది చిన్న చేతి స్కోపు, సొంత బ్యాటరీతో నడిచేది. ఈ బండి మీద అదే మంచిది, చార్జరు తగిలించిన ల్యాప్‌టాపు స్కోపు పెడితే ఎర్తు ఎటు నుంచి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

కంట్రోలరు వైపు ప్లగ్గు దగ్గర పెట్టాను, నల్ల వైరు కంట్రోలరు మైనస్సుకు. చల్లగా ఉన్నప్పుడు తెర మీద పల్సులు చక్కటి గళ్లు, పైన 12, కింద 0.3 వోల్టు. డ్రైవరన్న ప్లాంటులో తోలుతూ ఉన్నాడు, నేను పక్కన మెట్టు మీద స్కోపు పట్టుకుని వేలాడుతున్నాను. (మేనేజరు సార్ చూసి ఉంటే ఇద్దరినీ గేటు బయటికి పంపేవారు. ఇంకెవరూ ఇట్లా చేయకండి. తర్వాత నాకే బుద్ధొచ్చి వెనక చక్రాలు జాకీ మీద లేపి, నిలబెట్టే తిప్పించాను.)

ఇరవై నిమిషాలకు గళ్ల అడుగు పైకి లేవడం మొదలైంది. 0.3 కాస్తా 1.2 అయింది. ముప్పైకి 2.5. పైన 12 అలాగే ఉంది, అడుగు మాత్రం నేల విడిచి లేస్తోంది. 4 వోల్టుల దగ్గరికి వచ్చాక కంట్రోలరుకు ఇక అది "కింద" అని అర్థం కాలేదు. మోటారు కుయ్యిమంది. ఆగింది.

పాత అలవాటులో అయితే సెన్సరు పోయింది, మార్చాలి అనేవాణ్ని. అది బేరింగుతో కలిసి వస్తుంది, మోటారు మొత్తం దింపి పుల్లరుతో లాగాలి, సీజనులో రెండు రోజులు. ఒక్క సంగతి నన్ను ఆపింది. ఏ చానెలూ, బి చానెలూ రెండూ కలిసి, ఒకే ఎత్తుకు లేచాయి. సెన్సరు లోపల రెండు చానెళ్లకు రెండు ట్రాన్సిస్టర్లు. వేడికి ఒకటి చెడితే ఒకటే లేవాలి. ఇద్దరూ ఒకేసారి ఒకేలా తాగి వచ్చారంటే, తాగిన కొట్టు ఒకటే అయుండాలి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది మైనస్సు.

స్కోపు నల్ల వైరు కంట్రోలరు మైనస్సు నుంచి తీసి, ప్లగ్గుకు అవతలివైపు, సెన్సరు నుంచి వచ్చే మైనస్సు వైరుకు పెట్టాను. గళ్లు వెంటనే నేలకు దిగాయి, 0.3. సెన్సరు బంగారం. దాని కాళ్ల కింద నేలే లేచింది.

ఇక స్కోపు అక్కర్లేదు. మామూలు మల్టీమీటరు, ఒక ముల్లు ప్లగ్గుకు ఇటు మైనస్సులో, ఒకటి అటు మైనస్సులో. 3.6 వోల్టులు. ఒకే వైరుకు రెండు చివర్ల మధ్య! సెన్సరు లాగేది దాదాపు 20 మిల్లీఆంపియర్లు, అంటే ఆ పిన్ను 180 ఓముల అడ్డం పెట్టుకుని కూర్చుంది. సున్నా ఉండాల్సిన చోట. ఆరు వందల రూపాయల మీటరుతో సోమవారమే దొరికేది ఇది, పెట్టి ఉంటే.

ఊరికే నమ్మకుండా హెయిర్ డ్రయ్యరు తెప్పించాను, ఆఫీసులో ఒక మేడమ్ గారిది. చల్లటి బండి మీద సెన్సరు వైపు వేడి కొడితే ఏమీ కాలేదు. ప్లగ్గు మీద కొడితే నాలుగు నిమిషాల్లో 2 వోల్టులు. తీసేస్తే మెల్లగా దిగింది. మళ్లీ కొడితే మళ్లీ. జబ్బును పిలిస్తే వస్తోంది, పొమ్మంటే పోతోంది.

ప్లగ్గు విప్పాను. మైనస్సు పిన్ను పచ్చగా ఉంది. పాత ఇత్తడి బిందె అడుగులా. మిగతా ఐదూ మెరుస్తున్నాయి.

శుక్రవారం

బండిని ఆపి ఉంచాల్సిన రోజు, అయినా ఆపలేదు. పిన్ను గీకి, గ్రిప్పు నొక్కి తాత్కాలికంగా నడిపిస్తున్నారు, గంటకొకసారి పది నిమిషాలు విశ్రాంతి. ఆ రకం పిన్నులూ రబ్బరు సీళ్లూ తిరుపతిలో దొరకలేదు, చిత్తూరులోనూ లేవు. చెన్నై నుంచి బస్సు పార్సిల్లో వేయమన్నాను. సాల్డరు పెట్టి వైర్లు నేరుగా కలిపేద్దామని పిల్లోడు అన్నాడు. అదురుకు సాల్డరు అంచున తీగ తెగుతుంది, మళ్లీ వచ్చిపోయే జబ్బే.

పార్సిలు కోసం చూస్తూ కూర్చున్నప్పుడు ఒకటి తొలచడం మొదలైంది. తడి వెళ్లి పిన్ను పచ్చబడిందంటే, ప్లస్సు పిన్ను కదా ముందు తినాలి. నీళ్లలో కరెంటు పారితే ప్లస్సు వైపు లోహమే కరుగుతుంది, మైనస్సు వైపు కాదు. ట్రాక్టరు హెడ్‌లైట్లలో, ఆటో వైరింగుల్లో ఎప్పుడూ చూసేది అదే. ఇక్కడ ప్లస్సు అద్దంలా ఉంది, మైనస్సు కుళ్లింది. అంటే ప్లగ్గంతా తడిసి ఇలా కాలేదు. మైనస్సు పిన్ను గదిలోకి మాత్రమే, వెనక నుంచి, రసం వెళ్లింది.

పాత సీలు తీసి వెలుగుకు పట్టాను. మైనస్సు వైరు పక్కన రబ్బరులో సన్నటి రంధ్రం. సూది బెజ్జం.

ఆ సూది నాదే.

పోయిన సీజనులో ఇదే బండి వేడి ఎక్కువని కోడు చూపిస్తే, వేడి సెన్సరు చూడ్డానికి నేనే వచ్చాను. ప్లగ్గు పీకకుండా, వెనక నుంచి సూది ముళ్లు గుచ్చి చదివాను. ఎర్ర ముల్లు ఒక్కో పిన్నుకూ మారుస్తాం, ఎర్రది గుచ్చిన రంధ్రాలు సన్నవి, ఒక్కసారివి, మూసుకున్నట్టున్నాయి. నల్ల ముల్లు మాత్రం అంతసేపూ మైనస్సులోనే గుచ్చి, వేలాడదీసి ఉంచాను. రబ్బరు సాగిపోయింది. పిన్ను పూత కూడా ఆ సూదే గీకి ఉంటుంది. ఆ తర్వాత రోజూ రాత్రి నేల కడిగే ప్రెషరు నీళ్లు, వాటిలో పులుపూ తీపీ కలిసిన తోతాపురి రసం, ఏడాదిపాటు ఆ బెజ్జంలోకి.

ఎవరికీ తెలియదు. చెప్పకపోతే తెలిసే దారి కూడా లేదు. పచ్చ పట్టింది, మార్చాను అంటే చాలు. క్యాంటీనులో టీ తాగుతూ కాసేపు అదే లెక్క వేశాను, అబద్ధమెందుకు చెప్పాలి.

సాయంత్రం మేనేజరు సార్ గదికి వెళ్లి సీలు చూపించి చెప్పాను. సార్ సీలును వేళ్ల మధ్య తిప్పి, "ఇంత చిన్న బెజ్జమా" అన్నారు. కూలి వద్దన్నాను, మంగళవారం తీసుకున్నది కూడా తిరిగి ఇస్తానన్నాను. లగ్గు డబ్బులు ఉంచుకోమన్నారు, అది నిజంగా మాడింది కాబట్టి. మిగతాదానికి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

డ్రైవరన్న మాత్రం బయట పట్టుకున్నాడు. "నువ్వు గుచ్చిందానికి పది దినాలు నా భుజాలు పోయినాయే సామీ!"

శనివారం

పార్సిలు తెల్లవారుజామున వచ్చింది. ఆరు పిన్నులూ మార్చాను, ఒక్కటే మార్చడం లోభం. క్రింపు కొట్టి (పిన్నును వైరు మీద నొక్కి బిగించి), ఒక్కోదాన్ని లాగి చూసి, కొత్త సీళ్లకు కొంచెం సిలికాన్ గ్రీజు. గ్రీజు సీలుకే, పిన్నుకు కాదు. అన్నీ కలిపి 340 రూపాయలైంది. ప్లగ్గు ఇంతకుముందు పైకి చూస్తూ ఉండేది, గిన్నెలా. క్లిప్పు మార్చి పక్కకు తిప్పాను, వైరుకు కింద వంపు వదిలాను. వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపులో చుక్కగా రాలిపోతాయి. ఇంటి గోడలోకి కేబుల్ టీవీ వైరు లాగేవాళ్లు కూడా చేసేదే ఇది.

పరీక్ష: రెండున్నర గంటలు ఆపకుండా, నాలుగు డ్రమ్ముల లోడుతో. మోటారు 84 డిగ్రీలకు ఎక్కింది. గళ్ల అడుగు ఏ చానెల్లో 0.3, బి చానెల్లో 0.3, కదల్లేదు. ప్లగ్గు మైనస్సుకు అటూ ఇటూ మధ్య 2 మిల్లీవోల్టులు. హెయిర్ డ్రయ్యరు ఐదు నిమిషాలు కొట్టాను, 2 మిల్లీవోల్టులే. కరెంటు ఊరికే 19, తిప్పినప్పుడు 43.

రాత్రి నేల కడిగేటప్పుడు ఉండి, ప్రెషరు గన్ను బండి వెనక మూతలోకి పట్టకుండా చూడమని కడిగే అక్కలకు చెప్పాను. "గుజ్జు ఆడ కూడా అంటుకుంటాదన్నా, చీమలు పడతాయి" అన్నారు. తడిగుడ్డతో తుడవమన్నాను. చేస్తారో లేదో.

సోమవారం

బండి ఆదివారమంతా నడిచింది, ఫోను రాలేదు.

షాపులో కూర్చుని ఒక టెస్టు వైరు చేసుకున్నాను. అదే రకం ఆడ ప్లగ్గు, మగ ప్లగ్గు, మధ్యలో జానెడు వైర్లు, ఒక్కోదానికి పక్కకు ఒక సాకెట్టు. అసలు ప్లగ్గు విప్పి మధ్యలో దీన్ని పెడితే బండి మామూలుగా నడుస్తుంది, మీటరు సాకెట్లలో గుచ్చుకోవచ్చు, సీలు జోలికి పోనక్కర్లేదు. గంటన్నర పని. పోయినేడాదే చేసుకోవాల్సింది. సూది ముళ్లు ఇంట్లో అడుగు డ్రాయరులో పడేశాను.

మధ్యాహ్నం మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లాను, ఎవరూ పిలవకుండా. అదే మోడలు బండి ఇంకొకటి ఉంది అక్కడ, డ్రమ్ములు లారీకి ఎక్కించేది. దానికి ఏ కోడూ రాలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ పోయిన సీజనులో, రెండు బండ్ల వేడి అంకెలు పోల్చి చూద్దామని, దాన్ని కూడా అదే సూదితో గుచ్చాను.

బండి వేడెక్కాక మీటరు పెట్టాను. మైనస్సుకు అటూ ఇటూ 110 మిల్లీవోల్టులు. ప్లగ్గు విప్పితే మైనస్సు పిన్ను అంచున పచ్చ ఇప్పుడిప్పుడే పడుతోంది. మిగిలిన పిన్నులు సంచిలో ఉన్నాయి. మార్చేశాను.